సింథసైజర్‌లో శబ్దం చేసేవి కొన్ని, నాబ్‌లు తిప్పేవి కొన్ని

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏడాదిగా కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సింథ్ (విద్యుత్ సంకేతాలతోనో లెక్కలతోనో శబ్దాలు తయారుచేసే వాద్యం, సింథసైజర్) వాడుతున్నారు. ప్రీసెట్లు, అంటే ముందే తయారుచేసి ఇచ్చిన శబ్దాలు, బాగానే ఉన్నాయి, కానీ నచ్చినదాన్ని కాస్త మార్చుకుందామని నాబ్ తిప్పితే ఒక్కోసారి ఏమీ మారదు, ఒక్కోసారి శబ్దమే పోతుంది. ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్, ఎల్‌ఎఫ్‌ఓ (లో-ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్) అంటే ఏమిటో చెప్పే వీడియోలు చాలా చూశారు, నిర్వచనాలు నోటికొచ్చాయి, చెయ్యి మాత్రం సాగట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నిర్వచనాలు వచ్చినా చెయ్యి సాగకపోవడానికి నాకు కనిపించే కారణం ఒకటుంది. ఆ వీడియోలు భాగాలన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టి చెబుతాయి, అన్నీ ఒకే జాతివన్నట్టు. నిజానికి సింథ్‌లో రెండు జాతులున్నాయి. కొన్నిటి గుండా శబ్దం పారుతుంది: ఆసిలేటర్, ఫిల్టర్, యాంప్లిఫయర్. మిగతావాటికి శబ్దంతో నేరుగా పని లేదు: ఎన్వలప్, ఎల్‌ఎఫ్‌ఓ, కీబోర్డు. ఇవి కనిపించని చేతుల్లాంటివి, మీ బదులు నాబ్‌లు తిప్పుతుంటాయి. ఎల్‌ఎఫ్‌ఓ స్పీడు ఎంత పెంచినా ఏమీ మారట్లేదంటే ఆ చేతిని మీరింకా ఏ నాబ్ మీదా పెట్టలేదన్నమాట.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, దీంతో ఒప్పుకోనివాళ్లు ఉంటారు. కొత్తవాళ్లు ఎక్కువ సమయం ఆసిలేటర్ల దగ్గరే గడుపుతారు, ఏ వేవ్‌ఫామ్ (అల ఆకారం), ఎన్ని ఆసిలేటర్లు అని. శబ్దానికి ప్రాణం మాత్రం చాలావరకు రెండో జాతిలోనే ఉంది, అందులోనూ ఎన్వలప్‌లో. ఎందుకో కింద చెబుతాను.

ముందు సింథ్ పక్కన పెట్టి నోరు వాడండి. మీకు సుఖంగా ఉన్న ఒక శ్రుతి పట్టుకుని పెదవులు మూసి "మ్‌మ్‌మ్" అనండి. శ్రుతి మార్చకుండా మెల్లగా నోరు తెరుస్తూ "ఆ" దాకా రండి. గొంతులో జరుగుతున్నది ఏమీ మారలేదు, అదే తంత్రులు అదే వేగంతో కొట్టుకుంటున్నాయి. అయినా మసకగా ఉన్న శబ్దం విప్పారింది. మీరు చేసింది ఫిల్టర్ తెరవడం. గొంతు ఆసిలేటర్, నోరు ఫిల్టర్, ఊపిరి బలం యాంప్లిఫయర్. ఇప్పుడు "పా" అనండి, తర్వాత "మా" అనండి. చివర ఉన్నది రెండింటిలోనూ అదే "ఆ". తేడా అంతా మొదటి క్షణంలోనే ఉంది: ఒకటి ఠక్కున తెరుచుకుంది, ఇంకొకటి మెల్లగా. ఆ తెరుచుకునే తీరే ఎన్వలప్. ఇక "ఆ" అంటూ గొంతు వణికించండి, అది ఎల్‌ఎఫ్‌ఓ. సింథ్‌లో ఉన్న ముఖ్యమైనవన్నీ మీ దగ్గర ముందునుంచే ఉన్నాయి, పేర్లే కొత్త.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

ఆసిలేటర్ పని ఒక ఆకారాన్ని మళ్లీ మళ్లీ గీయడం. సెకనుకు 440 సార్లు గీస్తే 440 హెర్ట్జ్ స్వరం వినిపిస్తుంది, 880 సార్లు గీస్తే అదే స్వరం పై స్థాయిలో. ఎన్నిసార్లు గీస్తుందన్నది శ్రుతి, ఏ ఆకారం గీస్తుందన్నది నాదం రంగు. ఆకారం మారితే రంగెందుకు మారాలి? మనకు ఒకే స్వరంలా వినిపించేది నిజానికి ఒక గుంపు కాబట్టి. 110 హెర్ట్జ్ దగ్గర సాటూత్ వేవ్ (రంపపు పళ్ల ఆకారం) వాయిస్తే అందులో 110 ఒక్కటే కాదు, 220, 330, 440, 550 అలా పైదాకా అన్నీ ఉంటాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. సాటూత్‌లో రెండోది మొదటిదానిలో సగం బలంతో, మూడోది మూడో వంతుతో, పదోది పదో వంతుతో ఉంటాయి. ఏదీ గైర్హాజరు కాదు. అందుకే అది గరగరలాడుతూ నిండుగా ఉంటుంది, బ్రాస్, వయొలిన్ లాంటి శబ్దాలకు పనికొస్తుంది.

స్క్వేర్ వేవ్‌లో సరి సంఖ్య హార్మోనిక్స్ ఉండవు. 110, 330, 550, 770 మాత్రమే. వెదురు గొట్టంలోంచి వచ్చినట్టు బోలుగా వినిపిస్తుంది. క్లారినెట్ కింది స్వరాలు గుర్తొస్తాయి, ఎందుకంటే ఒక చివర మూసినట్టుండే ఆ గొట్టంలో కూడా బేసి హార్మోనిక్సే బలంగా ఉంటాయి. ట్రయాంగిల్‌లోనూ బేసివే, కానీ మరీ త్వరగా సన్నగిల్లుతాయి: మూడోది తొమ్మిదో వంతు, అయిదోది ఇరవై అయిదో వంతు. అందుకే మెత్తన. సైన్ అయితే ఒంటరి. ఒకే హార్మోనిక్, గుంపు లేదు. సైన్ మీద ఫిల్టర్ నాబ్ ఎంత తిప్పినా రంగు మారదు, తగ్గితే వాల్యూమ్ తగ్గుతుందంతే, ఎందుకంటే తీసేయడానికి పైన ఏమీ లేదు. నాబ్ తిప్పితే ఏమీ మారట్లేదని మీరు రాసిన ప్రీసెట్లలో కొన్నయినా ఈ బాపతే అయి ఉంటాయి.

స్క్వేర్‌లో పై భాగం, కింది భాగం సమానంగా ఉంటాయి కదా, ఆ పాళ్లు మార్చే నాబ్ పల్స్ విడ్త్. యాభై శాతం నుంచి పది శాతం వైపు తెస్తుంటే శబ్దం పల్చబడి ముక్కుతో పలికినట్టవుతుంది. ఆ నాబ్‌ను ఎల్‌ఎఫ్‌ఓతో మెల్లగా కదిలిస్తే ఒక్క ఆసిలేటరే రెండున్నట్టు వినిపిస్తుంది.

నిజంగానే రెండు వాడితే ఏమవుతుందో దగ్గరగా చూడదగ్గ విషయం. రెండు సాటూత్‌లు 440 దగ్గర పెట్టి, రెండోదాన్ని 5 సెంట్లు పెంచండి. అర్ధస్వరానికి 100 సెంట్లు, అంటే ఇది అందులో ఇరవయ్యో వంతు. రెండోది సుమారు 441.3 హెర్ట్జ్‌కి వెళ్తుంది. రెండూ సెకనుకు ఒకసారికి కాస్త ఎక్కువగా కలుస్తూ విడిపోతూ ఉంటాయి, శబ్దం అలలా ఊగుతుంది. అదే 5 సెంట్లు 110 హెర్ట్జ్ దగ్గరైతే తేడా 0.3 హెర్ట్జే, ఒక ఊపుకు మూడు సెకన్లు పడుతుంది. అందుకే కింద సోమరిగా, హాయిగా ఉన్న డిట్యూన్ (ఇలా శ్రుతి కాస్త జరపడం) పై కీల దగ్గర హడావుడిగా అనిపిస్తుంది. ఎవరో "ఫ్యాట్" అన్నారని 25 సెంట్లు పెట్టేసి, పైన శ్రుతి చెడిందని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. "ఫ్యాట్", "వార్మ్" అనే మాటలు సింథ్ ప్రపంచంలో అరిగిపోయాయి. ఎవరైనా అలా అంటే, ఏ హార్మోనిక్స్ పెరిగాయి, ఏవి కదులుతున్నాయి అని లోపల్లోపల అనువదించుకోండి.

నాయిజ్ అని ఇంకోటి ఉంటుంది. దానికి శ్రుతి లేదు, అన్ని ఫ్రీక్వెన్సీలూ కలగలిసిన సొద. "స్‌స్‌స్" అనండి, దాదాపు అదే. స్నేర్ డ్రమ్, హైహ్యాట్ తాళాలు, గాలి, ఊదే వాద్యంలో ఊపిరి చప్పుడు, అన్నిటికీ ముడిసరుకు అదే.

ఇక ఫిల్టర్. నూటికి తొంభైసార్లు మీరు వాడేది లో-పాస్, అంటే కిందివాటిని పోనిచ్చి పైవాటిని తగ్గించేది. కటాఫ్ అంటే ఎక్కడినుంచి తగ్గించడం మొదలుపెట్టాలో చెప్పే గీత. అక్కడ గోడేమీ ఉండదు, పల్లం ఉంటుంది. ఆ పల్లం ఎంత నిటారుగా ఉందో చెప్పేదే 12 డెసిబెల్, 24 డెసిబెల్ అనే లెక్క (డెసిబెల్ అంటే శబ్ద బలాన్ని కొలిచే కొలత). 24 అంటే కటాఫ్ నుంచి ఒక స్థాయి పైకి వెళ్లేసరికి బలం సుమారు పదహారో వంతుకు పడిపోతుంది, 12 అయితే నాలుగో వంతుకు. 110 సాటూత్ మీద 24 డెసిబెల్ ఫిల్టర్ కటాఫ్ 440 దగ్గర పెట్టారనుకోండి. 880 దగ్గరున్న ఎనిమిదో హార్మోనిక్ పుట్టుకతోనే ఎనిమిదో వంతు, ఇప్పుడు అందులో పదహారో వంతు. ఉన్నా లేనట్టే. 12 అయితే అది ఇంకా కాస్త గుసగుసలాడుతుంది. 12 డెసిబెల్ ఫిల్టర్లు కాస్త గాలి ఆడినట్టు, 24వి మూత వేసినట్టు వినిపించేది ఇందుకే.

ఆ 24 డెసిబెల్ ఫిల్టర్లలో పేరున్నది అమెరికన్ సింథ్ తయారీదారు రాబర్ట్ మూగ్ చేసిన ల్యాడర్ ఫిల్టర్, 1969లో పేటెంట్ వచ్చింది. ట్రాన్సిస్టర్ల జతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఒక్కో మెట్టు 6 డెసిబెల్ కోస్తుంది, మెట్లు నాలుగు. 1970లో వచ్చిన మినీమూగ్ సింథ్ గుండెకాయ అదే. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సింథ్‌లలో "ల్యాడర్" అని కనిపించేది చాలావరకు దాన్ని అనుకరించేదే.

రెజొనెన్స్ నాబ్ కటాఫ్ గీత దగ్గరున్న ఫ్రీక్వెన్సీలను ఎత్తి చూపిస్తుంది. ఫిల్టర్‌లోంచి బయటికొచ్చినదాన్ని కొంత మళ్లీ లోపలికి పంపడం వల్ల ఇది జరుగుతుంది, మైకు స్పీకరుకు దగ్గరగా వెళ్తే కూత పెట్టినట్టు. చాలా ఫిల్టర్లలో రెజొనెన్స్ చివరిదాకా పెంచితే ఆసిలేటర్ లేకుండానే ఫిల్టరే ఈల వేస్తుంది. ల్యాడర్ రకంలో ఒక తిరకాసుంది: రెజొనెన్స్ పెంచేకొద్దీ కింది బేస్ తగ్గుతుంది. బేస్ ప్యాచ్ (నాబ్‌లన్నీ అమర్చి చేసుకున్న ఒక శబ్దం) చేస్తూ "పదును వచ్చింది కానీ బరువు పోయింది" అనిపిస్తే మీ చెవి తప్పు కాదు, వాల్యూమ్ కాస్త పెంచుకోండి లేదా కింద ఒక సైన్ కలపండి.

ఈ ప్రయోగం తప్పకుండా చేయండి. కింది 110 హెర్ట్జ్ స్వరం మీద సాటూత్ పట్టి ఉంచి, రెజొనెన్స్ ముప్పావు పైన పెట్టి, కటాఫ్‌ను అడుగునుంచి చాలా మెల్లగా పైకి తిప్పండి. హడావుడి పడకండి, అర నిమిషం తీసుకోండి. మీరు పట్టుకున్న స్వరాన్ని షడ్జమం అనుకుంటే, కటాఫ్ పైకెళ్తుంటే ఒక్కో హార్మోనిక్ ఈలలా తేలుతుంది: స, పై స, ప, ఆ పై స, గ, ప, కాస్త దిగినట్టుండే ని, మళ్లీ స. ఇన్నాళ్లూ ఒకే స్వరం అనుకున్నదాంట్లో ఇంతమంది కూర్చుని ఉన్నారని చెవితో తెలిసిన రోజున ఫిల్టర్ అంటే ఏమిటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఈ విషయం అర్థమైంది ఏ పుస్తకం వల్లా కాదు, తీరిగ్గా కూర్చుని ఈ నాబ్ తిప్పడం వల్లే.

యాంప్లిఫయర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అది తలుపు. తెరిస్తే శబ్దం బయటికి వస్తుంది, మూస్తే రాదు. ఆసిలేటర్ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, కనీసం అనలాగ్ సింథ్‌లలో. కీ నొక్కినప్పుడు అది పుట్టదు, తలుపు తెరుచుకుంటుందంతే. అసలు సంగతంతా ఆ తలుపు ఎవరు తెరుస్తున్నారు, ఎలా తెరుస్తున్నారన్నదే.

తెరిచేది ఎన్వలప్. 1948లో ఫ్రెంచ్ స్వరకర్త పియరీ షెఫర్ గంట శబ్దాన్ని రికార్డు చేసి, గంట కొట్టిన తొలి క్షణాన్ని తప్పించి మిగతాది విన్నాడు. అది గంటలా లేదు, ఊదే వాద్యంలా మారిపోయింది. హార్మోనిక్స్ అవే, గంట అదే. మొదటి క్షణం పోయేసరికి చెవి పోల్చుకోలేకపోయింది. మీ దగ్గర పియానో రికార్డింగ్ ఏదైనా ఉంటే ఒక స్వరం మొదలు కత్తిరించి, మిగతాది మెల్లగా మొదలయ్యేట్టు చేసి వినండి. వేవ్‌ఫామ్ కన్నా ఎన్వలప్ ముఖ్యమని మొదట్లో అన్నది ఇందుకే.

మామూలు ఎన్వలప్‌లో నాలుగు నాబ్‌లు: ఎటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్. కీ నొక్కగానే శిఖరానికి చేరడానికి పట్టే సమయం ఎటాక్. అక్కడినుంచి దిగడానికి పట్టేది డికే. ఎక్కడిదాకా దిగి ఆగాలో చెప్పేది సస్టెయిన్. కీ వదిలాక సున్నాకు చేరే సమయం రిలీజ్. ఇక్కడ దాదాపు అందరూ తడబడే చోటు ఒకటుంది: మూడు సమయాలు, ఒకటి ఎత్తు. సస్టెయిన్ సమయం కాదు. సస్టెయిన్ పెంచితే స్వరం ఎక్కువసేపు మోగదు, మీరు కీ పట్టుకున్నంతసేపూ ఎంత ఎత్తులో మోగాలో అది చెబుతుంది. ఇంకో సంగతి, సస్టెయిన్ పూర్తిగా పైన ఉంటే డికే నాబ్ ఎంత తిప్పినా తేడా రాదు. శిఖరం నుంచి శిఖరానికే దిగాలి కదా, దిగేదేముంది? "నాబ్ తిప్పితే ఏమీ మారట్లేదు"కు ఇది ఇంకో కారణం.

సస్టెయిన్ సున్నా, డికే సెకనున్నర పెడితే తీగ మీటినట్టు. ఎటాక్ ఒక సెకను, సస్టెయిన్ పైన, రిలీజ్ రెండు సెకన్లు పెడితే మెల్లగా పరుచుకునే ప్యాడ్. ఎటాక్ సున్నా, డికే 60 మిల్లీసెకన్లు, సస్టెయిన్ సున్నా, అందులో నాయిజ్ పెడితే హైహ్యాట్. మూడింటికీ తేడా ఈ నాలుగు నాబ్‌లే. బేస్ స్వరాల మొదట్లో "టిక్" అని చిన్న చప్పుడు వస్తోంటే అది పాడైపోయి కాదు, ఎటాక్ మరీ సున్నా అవడం వల్ల. 3 మిల్లీసెకన్లు ఇస్తే సర్దుకుంటుంది. కొన్నిసార్లు ఆ టిక్కే కావాలి, అప్పుడు ఉంచేయండి.

ఇప్పటిదాకా చెప్పింది వాల్యూమ్ తలుపును తెరిచే ఎన్వలప్. చాలా సింథ్‌లలో రెండోది ఉంటుంది, అది ఫిల్టర్ కటాఫ్‌ను తిప్పుతుంది. దాని పక్కనే "అమౌంట్" అనో "డెప్త్" అనో ఒక నాబ్ ఉంటుంది. ప్యానెల్ మొత్తం మీద నాకు అత్యంత ఇష్టమైన నాబ్ అదే, కొత్తవాళ్లు చూడకుండా దాటేసేదీ అదే. ఆ చెయ్యి కటాఫ్‌ను ఎంత దూరం లాగాలో అది చెబుతుంది. అమౌంట్ సున్నాలో ఉంటే ఫిల్టర్ ఎన్వలప్ నాలుగు నాబ్‌లూ అలంకారానికే.

రోలాండ్ టీబీ-303 కథ దీనికి సాక్ష్యం. 1980ల మొదట్లో గిటారు వాయించేవాళ్లకు తోడుగా బేస్ వాయిస్తుందని ఈ చిన్న పెట్టెను తెచ్చారు. బేస్ గిటారులా ఏ కోశానా లేదు, అమ్ముడుపోలేదు, 1984లో ఆపేశారు. చవగ్గా చేతులు మారుతూ షికాగో కుర్రాళ్ల దగ్గరకు చేరింది. వాళ్లు దాన్ని బేస్ గిటారుగా వాడలేదు, వాయిస్తూ నాబ్‌లు తిప్పారు. యాసిడ్ హౌస్ అనే సంగీతమే అలా పుట్టింది. ఆ పెట్టెలో ఉన్నదల్లా ఒకే ఆసిలేటర్, సాటూత్ కాదంటే స్క్వేర్. ఒక ఫిల్టర్. ఎన్వలప్‌కు మనకందే నాబ్ డికే ఒక్కటే. కటాఫ్, రెజొనెన్స్, ఎన్వలప్ అమౌంట్, డికే, యాక్సెంట్ (కొన్ని స్వరాలను నొక్కి పలికించేది), శబ్దం రంగు మార్చడానికి అందులో ఇవి తిప్పడం తప్ప పెద్దగా ఏమీ లేదు, అవి తిప్పడమే సంగీతమైంది.

ఎల్‌ఎఫ్‌ఓ కూడా ఆసిలేటరే, వినపడనంత నెమ్మదిగా తిరిగేది. మన చెవి కింది హద్దు సుమారు 20 హెర్ట్జ్, ఎల్‌ఎఫ్‌ఓ మామూలుగా అంతకంటే కిందే తిరుగుతుంది. శ్రుతి నాబ్ మీద పెడితే వైబ్రాటో, యాంప్ మీద పెడితే ట్రెమొలో, కటాఫ్ మీద పెడితే "వావ్ వావ్". పాడేవాళ్ల వైబ్రాటో సాధారణంగా సెకనుకు అయిదారుసార్లు ఉంటుంది, ఆ దగ్గర పెడితే సహజంగా అనిపిస్తుంది. మొదటినుంచీ ఒకేలా వణికితే మాత్రం యంత్రంలా ఉంటుంది. ఎల్‌ఎఫ్‌ఓకి "డిలే" ఉంటే అర సెకను ఇవ్వండి: స్వరం స్థిరంగా మొదలై, ఆ తర్వాత ఊగుతుంది.

ఎల్‌ఎఫ్‌ఓ స్పీడు పెంచుకుంటూ పోతే ఒక విచిత్రం జరుగుతుంది. ఊపు ఊపులా వినిపించడం మానేసి కొత్త రంగుగా మారుతుంది. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్వరకర్త జాన్ చౌనింగ్ వైబ్రాటోను అతిగా వేగం చేసి చూస్తుండగా తగిలిన సంగతి ఇదే. దాన్నుంచే ఎఫ్‌ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) సింథసిస్ వచ్చింది, 1983లో యమహా డీఎక్స్7 సింథ్ రూపంలో లక్షల చేతుల్లోకి వెళ్లింది. అందులో ఫిల్టరే లేదు. ఆరు ఆపరేటర్లు (అక్కడ ఆసిలేటర్లకు పెట్టిన పేరు), అన్నీ సైన్‌లు, ఒకదాన్నొకటి వణికిస్తుంటాయి. అందులోనూ ఎలక్ట్రిక్ పియానో శబ్దం మొదట గంటలా మెరిసి తర్వాత మెత్తబడేది ఎలాగంటే, వణికించే ఆపరేటర్ మీద ఒక ఎన్వలప్ కూర్చుని దాని బలాన్ని దించుతుంది కాబట్టి. కోసి రంగు మార్చినా, వణికించి రంగు మార్చినా, పని ఆ చేతిదే. అన్నట్టు, నేర్చుకోవడానికి ఎఫ్‌ఎం ముందు పెట్టుకోకండి. ఒక నాబ్ తిప్పితే ఏం జరుగుతుందో ముందే ఊహించడం అందులో కష్టం, విసుగొస్తుంది.

కీబోర్డు కూడా కనిపించని చెయ్యే అన్నాను. అది శ్రుతి చెప్పడంతో ఆగదు. ఎంత గట్టిగా కొట్టారో చెబుతుంది, అదే వెలాసిటీ. మిడిలో, అంటే కీబోర్డు సింథ్‌తో మాట్లాడే డిజిటల్ భాషలో, అది 1 నుంచి 127 వరకు అంకె. దాన్ని వాల్యూమ్‌కి ఒక్కదానికే ఇచ్చి ఊరుకోకండి, ఫిల్టర్ ఎన్వలప్ అమౌంట్‌కి ఇవ్వండి. నిజమైన వాద్యాలు గట్టిగా కొడితే పెద్దగా మోగడమే కాదు, ఇంకా తేటగా కూడా మోగుతాయి. కీ ట్రాకింగ్ అని ఇంకోటి: పై కీలు నొక్కేకొద్దీ కటాఫ్‌ను కూడా పైకి జరుపుతుంది. అది సున్నాలో ఉండి కటాఫ్ 500 దగ్గర ఉంటే, 1760 హెర్ట్జ్ కీ నొక్కినప్పుడు మొదటి హార్మోనిక్కే గీత దాటి పోయింది, ఇక వినిపించేదేముంది? "ఈ ప్రీసెట్ కింద బాగుంది, పైన చచ్చిపోతోంది" అన్న ఫిర్యాదుకు మందు ఆ నాబ్. గ్లైడ్ సంగతి మీకే తెలుస్తుంది, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారు. మోనో మోడ్‌లో (ఒకసారికి ఒకే స్వరం) పెట్టి వాడండి, కార్డ్‌ల (ఒకేసారి నొక్కే కొన్ని స్వరాల) మీద గందరగోళంగా ఉంటుంది.

ఇప్పుడు చేత్తో. మీ సింథ్‌లో "ఇనిట్" అనే ఖాళీ ప్యాచ్ ఉంటుంది, అది తెరవండి. ఆసిలేటర్ ఒకటే ఉంచండి, సాటూత్. ఎఫెక్టులన్నీ ఆపేయండి. రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని కలిపేది) పాపాలన్నీ కప్పేస్తుంది, నేర్చుకునేటప్పుడు అది శత్రువు. కింది వైపు ఒక స్వరం పదేపదే కొడుతూ 24 డెసిబెల్ లో-పాస్ కటాఫ్‌ను 200 దాకా దించండి. "మ్‌మ్" అన్నట్టు ఉంటుంది. రెజొనెన్స్ పావు వంతు. ఫిల్టర్ ఎన్వలప్‌లో ఎటాక్ సున్నా, డికే 300 మిల్లీసెకన్లు, సస్టెయిన్ సున్నా. అమౌంట్ సగానికి తెండి. "మ్" కాస్తా "బౌ" అయింది, నోరు తెరిచి మూసినట్టు. ఇక డికే ఒక్కటే ముట్టుకోండి. 80కి దించితే "డబ్". 1500కి పెంచితే "బ్యావ్‌వ్" అని సాగుతుంది. డికే మళ్లీ 300 చేసి, ఎటాక్ 700 ఇచ్చి, సస్టెయిన్ సగం చేయండి: బేస్ కాస్తా ఊదుతున్న బ్రాస్‌లా మారింది. ఆసిలేటర్ జోలికి మీరసలు వెళ్లలేదు, గమనించారా? ఇదంతా అయ్యాక రెండో ఆసిలేటర్ తెరిచి 5 సెంట్లు జరపండి, అంతకుముందు వద్దు.

ఇలాంటి అభ్యాసానికి పెద్ద సింథ్ అక్కర్లేదు. ఒక ఆసిలేటర్, ఒక ఫిల్టర్, ఒక ఎన్వలప్, ఒక ఎల్‌ఎఫ్‌ఓ ఉన్న రోలాండ్ ఎస్‌హెచ్-101 లాంటిదాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ ఏదైనా చాలు. సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్ ఉచితం, శక్తిమంతం, కానీ మొదటి నెలకు దాంట్లో ఉన్నవి మరీ ఎక్కువ. సగం మూసేసుకుని వాడగలిగితే అదీ మంచిదే.

ఇక శబ్దం పూర్తిగా పోయే సమస్య. నా చేతికి మొదటి సింథ్ వచ్చినప్పుడు, ఎవరో వాడి ఇచ్చినది, ఒక సాయంత్రం ఉన్నట్టుండి మూగబోయింది. కేబుల్ మార్చాను, స్పీకరు మార్చాను, చెడిపోయిందేమోనని టెన్షన్‌తో వెనక మరలు కూడా విప్పాను. రెండు గంటల తర్వాత తేలిందేమిటంటే కటాఫ్ పూర్తిగా అడుగున ఉంది, ఎన్వలప్ అమౌంట్ సున్నాలో ఉంది. తలుపు తెరుచుకుంటూనే ఉంది, దాని ముందు గోడ ఉంది. అప్పటినుంచి శబ్దం పోతే శబ్దం పారే దారినే నడుస్తాను. మిక్సర్‌లో ఆసిలేటర్ వాల్యూమ్ ఉందా? కటాఫ్ పూర్తిగా తెరిస్తే వస్తోందా? ఫిల్టర్ పొరపాటున హై-పాస్‌లో (పైవాటినే పోనిచ్చే రకంలో) పడిందా? యాంప్ ఎన్వలప్‌లో సస్టెయిన్ సున్నా, డికే సున్నా అయ్యాయా? ఎటాక్ అయిదు సెకన్లకు వెళ్లిపోయి, నేను రెండు సెకన్లకే కీ వదిలేస్తున్నానా? ఈ చివరిది మరీ తరచుగా జరుగుతుంది. మరలు విప్పేముందు ఒక కీ పట్టుకుని పదిదాకా లెక్కపెట్టండి.